బల్లరాయి మీద వంతు

పోయిన వారం బహ్రెయిన్‌లోని మామీర్ ఒడ్డున కత్తి బయటికి వచ్చిన చోట ఆగాం మనం. ఆ భాగం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. బల్లరాయి మీద కూర్చుని గేలం వేస్తున్న లింబాద్రిని, వంతు అయిపోయింది లెమ్మన్నాడు రాజేంద్ర. ఇంకా కాలేదన్నాడు లింబాద్రి. మాటా మాటా పెరిగింది. రాజేంద్ర కాలితో ఒక్క తాపు తన్నేసరికి లింబాద్రి బకెట్ పట్టిన చేపలతో సహా సముద్రంలో పడింది. లింబాద్రి చేతికి చేపలు కోసే కత్తి వచ్చింది. అప్పుడు వీరదుర్గ వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడి, "ఇయాల్టికి ఇద్దరూ ఎల్లిపోండి. తప్పెవరిదో వచ్చే సుక్రవారం నేను సెప్తాను" అంది.

అనడానికి ఎంతసేపు? వారమంతా ఆ మాట ఆమెను పీక్కుతింది. అంట్లు తోముతున్నా అదే, ఇస్త్రీ చేస్తున్నా అదే. పెద్దమనిషి తరహా తీర్పులు చెప్పడానికి నేనెవర్తిని అని తనను తానే తిట్టుకుంది. పైగా గురువారం ఆమె పనిచేసే ఇంట్లో విందు. ఇరవై మంది తిని వెళ్లిన ఇల్లు సర్దేసరికి కాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి. శుక్రవారం తెల్లవారి లేవగానే, ఈ ఒక్క వారం ఒడ్డుకు వెళ్లకపోతే ఏమవుతుందీ అనుకుంది. ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె లేని చోట ఈసారి బకెట్‌తో ఆగదు. అందుకే వాచిన కాళ్లతోనే అద్లియాలో బస్సెక్కింది.

వీరదుర్గది కోనసీమలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. తాతల నుంచీ వేటే బతుకు. ఆమెకు నలభై ఆరేళ్లు, బహ్రెయిన్ వచ్చి పద్నాలుగేళ్లు. ఇంటిపని. శుక్రవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సెలవు. తోటి ఆడవాళ్లు ఆ పూట నిద్రపోతారు, లేదా కొట్ల వెంట తిరుగుతారు. ఈమె మాత్రం నైలాన్ తాడు, నాలుగు గేలాలు, ఖుబూస్ రొట్టె పిసికిన ఎర ముద్ద ఒకటి సంచిలో వేసుకుని ఇక్కడికి వస్తుంది. మొదట్లో మగవాళ్లు నవ్వారు. ఆమె తాడు విసరడం చూశాక నవ్వడం మానేశారు.

ఆ ఒడ్డు ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా రావచ్చు, ఎక్కడైనా గేలం వెయ్యచ్చు. అయితే చేప పడే చోటు మాత్రం ఒక్కటే, ఆ బల్లరాయి. ఒక్క మనిషి కూర్చునేంత వెడల్పు. దాని ముందు నీళ్లు లోతుగా కాలవలా పారతాయి. పోటు ఎక్కేటప్పుడు సాఫీ చేపలు గుంపులు గుంపులుగా ఆ కాలవ వెంటే లోపలికి వస్తాయి. మిగతా రాళ్ల మీద రోజంతా కూర్చున్నా తాడు నానడమే మిగులుతుంది.

అందుకే భీమేశ్వరరావు అనే పెద్దాయన అక్కడ ఒక పద్ధతి పెట్టాడు. ఆయనదీ గోదావరి జిల్లాయే. వచ్చినవాళ్లు వచ్చినట్టు తమ ఎర డబ్బాను బల్లరాయి వెనక వరసగా పెట్టాలి. ముందున్న డబ్బాది పోటు, అంటే సముద్రం ఎక్కేంతసేపూ రాయి వాడిది. నీళ్లు వెనక్కి తిరిగి పాటు మొదలవగానే, గేలానికి చేప తగిలి ఉన్నా సరే, వాడు లేవాలి. పాటు రెండో డబ్బాది. పాటులో మొదటి గంటే కాస్త మేలు, లోపలికి వచ్చిన చేప వెనక్కి మళ్లే వేళ అది. ఆ తర్వాత నీళ్లు చచ్చిపడి ఉంటాయి, వాటికోసం ఎవరూ కొట్లాడుకోరు. ఒకరి డబ్బాను ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకరి తాడు మీదుగా ఇంకొకరు తాడు విసరకూడదు. అంతే. మలయాళీలూ బంగాలీ భాయ్‌లూ కూడా ఈ పద్ధతికి తల ఊపారు. ఎనిమిదేళ్లు ఒక్క గొడవ లేదు. ఏడు వారాల కిందట మోకాళ్లు పనిచెయ్యక భీమేశ్వరరావు ఊరికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ "ఇక నువ్వు చూసుకో దుర్గా" అని ఆ బరువును ఆమె నెత్తిన పెట్టాడు. వద్దని అప్పుడే అనాల్సింది.

ఆమె ఒడ్డు చేరేసరికి ఏడు దాటింది. నీళ్లు లాగేస్తున్నాయి. పాచి పట్టిన రాళ్లు ఒక్కొక్కటీ బయటపడుతున్నాయి. బల్లరాయి వెనక ఒకే ఒక్క డబ్బా ఉంది, మూత మీద నీలం రంగు పూసిన పాల డబ్బా. లింబాద్రిది. మనిషి రాయి మీద కూర్చుని, ఆ చచ్చిన పాటులో గేలం వేసి, వంగిపోయి నీళ్లలోకి చూస్తున్నాడు. పక్కన పోయిన బకెట్‌కి బదులు పెయింటు డబ్బా ఒకటి పెట్టుకున్నాడు. అందులో వేలెడంత చేపలు రెండు.

లింబాద్రిది నిజామాబాద్ దిక్కు. యాభై రెండేళ్లు. రాతిగోడ కట్టడంలో మంచి చెయ్యి. రెండేళ్ల కిందట కంపెనీ కాగితాలు బిగబట్టి ఇబ్బంది పెడితే బయటికి వచ్చేశాడు. అప్పటి నుంచి ఖల్లివెల్లి. కాగితం లేకుండా తిరిగే మనిషిని ఇక్కడ అలాగే అంటారు. ఒడ్డున అందరికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ పైకి అనరు.

వీరదుర్గ తన డబ్బాను అతని డబ్బా వెనక పెట్టి, పక్క రాయి మీద కూలబడింది. చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది.

"వచ్చినవా చెల్లె" అన్నాడతను తల తిప్పకుండా. "నువ్వు రావేమో అనుకున్న."

"రాకపోతే మీరు ఊరుకుంటారా? ఒకటడుగుతాను లింబాద్రన్నా, నిజం సెప్పు. పోయిన వారం పది గంటలకి నీళ్లు తిరిగినియ్యి. కళ్లెదురుగా పాటు లాగుతుంటే నువ్వెందుకు లేవలేదు?"

"పన్నెండు కాలే గద."

"పన్నెండేంటి?"

"నా వంతు పన్నెండు దాకనే గద చెల్లె. పదికే లెమ్మంటె ఎట్ల లేస్త?"

ఆమెకు అర్థం కాలేదు. "పన్నెండు దాకా అని ఎవరు సెప్పారు నీకు?"

లింబాద్రి మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. అడగకూడనిది అడిగినట్టు చూశాడు. "నువ్వే చెప్పినవ్. పెద్దాయన వోయిన శుక్రారం నాడు. ఇగ నా వంతు ఎప్పటిదాక అని నేను అడిగితె, పన్నెండు దాక నీదే కూసో అన్నవ్. గప్పటిసంది నేను గదే లెక్కన లేస్తున్న."

ఆ శుక్రవారం వీరదుర్గకు గుర్తొచ్చింది. సాఫీ చేప ముల్లు వేలికి గుచ్చుకుని చెయ్యి మంట మండుతోంది. ఆ మంటలో ఎవరో ఏదో అడిగారు. తలెత్తకుండానే ఆమె జవాబు చెప్పింది. ఆ రోజుకు అది నిజమే, ఆ రోజు పోటు పన్నెండుకే ఆగింది. సముద్రం ఏ రోజుకారోజు వేళ మార్చుకుంటుందని వేరే చెప్పాలని ఆమెకు తోచనే లేదు. వాళ్ల ఊళ్లో పాలు మరిచిన పిల్లకు కూడా తెలిసిన సంగతి అది.

"అన్నయ్యా, నీళ్లు గడియారం సూసి తిరగవు. దినదినానికీ యేళ మారిపోద్ది. ఈ వారం పొద్దున్న పోటుంటే, వచ్చే వారం అదే యేళకి పాటుంటది."

"నాకేం ఎర్క చెల్లె? మా దిక్కు చెర్వుంటది. వానకాలం నిండుతది, ఎండకాలం ఎండుతది. రోజుకు రెండుమాట్ల ఎక్కుడు దిగుడు ఉంటదని నాకెవలు చెప్పిన్రు? పెద్దాయన ఉన్నప్పుడు లెమ్మంటె లేస్తుంటి, కూసోమంటె కూసుంటుంటి. ఆయన వోయినంక నువ్వు పన్నెండు అంటివి. డ్యూటీ టైమనుకున్న."

పందొమ్మిదేళ్లుగా ఈ ఎడారి దేశాల్లో గంట కొట్టగానే లేచి గంట కొట్టగానే కూర్చున్న మనిషి. దుబాయి అని ఊళ్లో చెప్పి వచ్చిన ఈ బతుకులో అన్నిటికీ టైమే. రాయికి మాత్రం టైము ఉండదని ఎందుకనుకుంటాడు?

వీరదుర్గ ఇసకలో వేలితో గీతలు గీసి లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత మళ్లీ లెక్కపెట్టింది. వారం విడిచి వారం పొద్దుటి పూట పాటు. అలాంటి శుక్రవారాలు మూడు వెళ్లాయి. ఆ మూడింటిలోనూ అందరికంటే ముందు వచ్చి డబ్బా పెట్టింది లింబాద్రే. అంటే మధ్యాహ్నపు పోటు అతనిది. అతనేమో ఇవాళ్టిలాగే ఎందుకూ పనికిరాని పాటులో పొద్దంతా కూర్చుని, తన పోటు ఎక్కుతుండగా, పన్నెండు కొట్టగానే బుద్ధిగా తాడు చుట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ ఖాళీ అయిన రాయి మీద ఎవరు కూర్చున్నారు? ఒక వారం రాజేంద్ర. రెండు వారాలు తను.

ఆడమనిషినని, కాళ్ల నొప్పులదాన్నని, అతను కావాలనే పోటును తనకు వదిలి వెళ్తున్నాడనుకుంది ఆమె. ఎంత మర్యాదస్థుడో అనుకుంది. తోటి పనిమనిషి సత్యకుమారికి ఆ చేపల పులుసు పెడుతూ "మగాళ్లలోనూ మనుసులుంటారే" అని అతన్ని మెచ్చుకుంది కూడా. అడగాల్సింది. ఎందుకు లేస్తున్నావన్నా అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఎందుకంటే రాయి కావాల్సి వచ్చింది, అడిగితే పోతుందేమోనని లోపల ఎక్కడో ఉంది. ఇప్పుడు ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు సిగ్గుగా ఉంది.

"ఆ మూడు వారాలూ నీకు సేపలు పడలేదు కదన్నా?" అంది మెల్లగా.

"యాడియి? చేతికి నాలుగు, ఐదు. నాకే చాతనైతలేదు అనుకున్న." అతను తాడును కొంచెం లాగి చూసి మళ్లీ వదిలాడు. "చేపల కోసం కాదు చెల్లె నా గోస. నేనుండే రూము ఎవలిదో నీకెర్కనా? క్యాంపుల లింగన్న రూము. పన్నెండుమంది పేర్లు రాసున్నయ్ తలుపు మీద, నా పేరు లేదు. రెండు మంచాల నడుమ కింద పండుకుంట. దానికి బదులు శుక్రారం కూర నాది. అందరికీ సరిపోయే చేపలు నేను తేవాలె. గదే మాట మీద పెట్టుకున్నడు. మూడు వారాలు సగం సగం తెచ్చిన. పోయినవారం బకెట్ సముద్రంల వడ్డది. ఉత్త చేతుల్తోని వోయిన. లింగన్న మంచోడే. అయినా మిగిలినోళ్లు గునుస్తున్నరు. పోలీసుల చెకింగ్ భయం వాళ్లకు గూడ ఉంటది గద. ఈ వారం గూడ ఉత్తగ వస్తె ఇంకో జాగ చూసుకో లింబాద్రీ అన్నడు."

"ఇంకో జాగ ఉందా?"

"యాడుంటది?" అన్నాడు.

సిత్రా వైపు రిఫైనరీ గొట్టాల పొగ సన్నగా పైకి లేస్తోంది. అలసట అంటే కాళ్లలోనే ఉంటుందనుకునేది వీరదుర్గ. ఆ పూట అది ఛాతీ దాకా వచ్చింది.

తొమ్మిదిన్నరకు పికప్ వచ్చి రోడ్డు పక్కన ఆగింది. రాజేంద్ర దిగాడు. కాకినాడ దగ్గరివాడు, ముప్పై ఐదేళ్లు, మీనా సల్మాన్ రేవులో ఒక వర్క్‌షాప్‌లో క్రేన్ కింద పని. కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రి ఓవర్‌టైం చేసి తిన్నగా వచ్చినట్టున్నాడు. వచ్చీ రాగానే డబ్బాను వరసలో చివర పెట్టి, మళ్లీ ఏమనుకున్నాడో తీసి చేత్తో పట్టుకున్నాడు. అటుపక్క రాళ్ల మీద ఉన్న ఇద్దరు మలయాళీలూ, ఓ బంగాలీ భాయీ తాళ్లు వదిలేసి దగ్గరికి వచ్చారు. తీర్పు వినడానికి భాష అక్కర్లేదు కాబోలు.

"చెప్పక్కా" అన్నాడు రాజేంద్ర. "పోయినవారం నా తిరుగుడు నీళ్లు, పాటులో ఆ మొదటి గంట, ఈయన తినేశాడు. దానికి బదులు ఇవాళ పోటు నాకివ్వాలి. అదే న్యాయం."

"నువ్వు తన్నిన బకెట్‌కి న్యాయం ఏది?"

"అది తప్పే. కోపం వచ్చింది. కాదన్ను. ఒక్కవారం కాదు గదా అక్కా, అంతకుముందు కూడా వారం విడిచి వారం వంతు దాటి కూర్చుంటున్నాడు. ఒకసారి గంట పైన. నాకున్నది ఈ నాలుగు గంటలే. అది కూడా చూస్తూ కూర్చోవాలా?"

"నిజమే. నీ నీళ్లు నీకు పోయినియ్యి" అంది వీరదుర్గ. "ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మిగతా వారాల్లో పోటు ఎక్కుతుంటే ఈయన లేచి ఎల్లిపోయేవోడు. గడియారం సూసి లేస్తున్నాడని నీకు తెల్సా?"

రాజేంద్ర డబ్బా మూత తిప్పుతూ నిలబడ్డాడు.

"తెల్సా, తెల్దా?"

"తెలుసు" అన్నాడు చివరికి. "రెండోసారి చూసినప్పుడే తెలిసింది. పన్నెండు కాగానే ఫోన్ చూసుకుని లేచాడు. అయితే ఏంటి? నేను లాక్కున్నానా? ఆయన లేచాడు, నేను కూర్చున్నాను. నేర్పడం నా పనా? నువ్వు కూర్చోలేదా?"

"కూర్చున్నాను."

అంత త్వరగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. ఆమె అందరి వైపూ తిరిగి, వచ్చీరాని హిందీలో, మధ్య మధ్య తన భాషలో, జరిగింది చెప్పుకొచ్చింది. ఈయనకు తప్పు వేళ చెప్పింది నేనే. ఆయన పోటులు మూడు పోయాయి, అందులో రెండు నేను తిన్నాను. చెప్తూ చెప్తూ కళ్లు తుడుచుకుంది. లింబాద్రి "ఊకో చెల్లె, నువ్వు కావాలని చేసినవా" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఇంకా ఏడుపు వచ్చింది.

రాజేంద్రకు విసుగెత్తింది. నిద్రలేని మనిషి. "ఇదంతా కాదక్కా. అసలు ఖల్లివెల్లికి వంతేంటి? ఈయనకి ఈ దేశంలోనే చోటు లేదు, ఈ రాయి మీద ఎక్కడ నుంచి వచ్చింది? ఒక్క ఫోన్ చేస్తే..."

అక్కడితో ఆగాడు. అనకూడని మాట అన్నానని అతనికే తెలిసింది. బంగాలీ భాయ్ తల దించుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అతని కాగితాలు ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు?

లింబాద్రి తాడు చుట్టడం మొదలుపెట్టాడు. వెళ్లిపోదామనే.

"కూకో అన్నా" అంది వీరదుర్గ. గట్టిగానే అంది. "రాజేంద్రా, ఇక్కడ ఎవడి కాగితాలు ఎవడూ సూడలేదు, ఎనిమిదేళ్లలో. డబ్బాలే సూశాం. ముందున్న డబ్బా నీలం మూతది. ఈ పూట పోటు ఆయనది. వచ్చే మూడు వారాలు ఎవరు ముందొచ్చినా పోటు ఆయనదే. తిరుగుడు నీళ్లు మాత్రం ఆ మూడు వారాలూ నీవి, నీకు పోయినవాటికి బదులు. బకెట్ నువ్వు కొత్తది తెచ్చియ్యాలి. ఇంక నా డబ్బా..." ఆమె వంగి వరసలోంచి తన డబ్బా తీసి సంచిలో పెట్టుకుంది. "ఆ మూడు వారాలూ నా డబ్బా ఉండదు."

మలయాళీల్లో పెద్దవాడు "శరి" అని తల ఊపాడు. రాజేంద్ర ఫోన్ చేతిలో పట్టుకుని పికప్ వైపు నడిచి, అందులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అద్దం మీద ఎండ పడి లోపల ఏం చేస్తున్నాడో కనబడలేదు.

పదికి పది నిమిషాలుందనగా నీళ్లు ఆగాయి. వీరదుర్గ లింబాద్రి పక్కన చేరి వేలుపెట్టి చూపించింది. "అదిగో, ఆ నురగ సూడు. ఎటూ కదలట్లేదు. ఇప్పుడు నీ తాడు నిట్టనిలువుగా ఉంది. ఇంకాసేపటికి లోపలికి వాల్తది. వాలిందంటే పోటు మొదలైనట్టు. మళ్లీ బయటికి వాలినప్పుడు నీ వంతు అయిపోయినట్టు. ఇంక గడియారం అక్కర్లేదు."

లింబాద్రి తాడు వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తాడు కొంచెం, చాలా కొంచెం, ఒడ్డు వైపు వాలింది. "వాలింది చెల్లె" అన్నాడు. మొహం వెలిగింది. రెండేళ్లలో అతను అలా నవ్వడం ఆమె చూడలేదు.

అరగంట గడిచాక మొదటి సాఫీ పడింది. ఆ తర్వాత వరసగా పడ్డాయి. ముల్లు తగలకుండా తువ్వాలుతో పట్టుకుని గేలం ఊడదీయడం, మళ్లీ ఖుబూస్ ముద్ద గుచ్చడం, విసరడం. పెయింటు డబ్బా సగానికి వచ్చింది. పన్నెండుమందికి ఇంకో పది చేపలు పడితే చాలు. వీరదుర్గ తన పూటంతా పోయిందని మరిచిపోయి, అతనికి ఎర ముద్దలు చేసి అందిస్తూ కూర్చుంది. పెద్దదేదో తగిలి తాడు ఒక్కసారిగా బిగుసుకుంది. షేరి చేప అయి ఉంటుంది, రెండు చేతులా పట్టినా తాడు జారిపోతోంది. సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోన్ మోగింది.

"జర తియ్యి చెల్లె, చేతులు ఖాళీ లెవ్వు."

ఆమె తీసి స్పీకర్ పెట్టింది. లింగన్న గొంతు, రొప్పుతూ. "లింబాద్రీ, యాడున్నవ్? క్యాంపుల చెకింగ్‌కొచ్చిర్రు. రూము రూము తిరుగుతున్నరు. నీ సంచి ఎన్కకెల్లి గోడ అవతలికి ఇసిరేసిన. రూముకు రాకు. ఇయ్యాల కాదు, ఇగ ఎన్నడు రాకు. ఒడ్డు మీద గూడ ఉండకు, మామీర్‌ల చేపలు వట్టేటోళ్లు ఎంతమంది అని అడుగుతున్నరట. పో, యాడికన్న పో."

ఫోన్ కట్టయింది. మలయాళీలు అప్పటికే తాళ్లు చుట్టేస్తున్నారు. బంగాలీ భాయ్ కనబడలేదు. చేప ఇంకా లాగుతూనే ఉంది, లింబాద్రి ఇంకా పట్టుకునే ఉన్నాడు. వదలాలని అతనికి తోచినట్టు లేదు.

పికప్ తలుపు తెరుచుకుంది. రాజేంద్ర రాళ్ల మీద తడబడుతూ పరుగున వచ్చాడు. "నేను చెయ్యలేదు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "ఒట్టు అక్కా, నేను చెయ్యలేదు. అద్దంలో చూశాను, పెద్ద రోడ్డు మీద తెల్ల బండ్లు రెండు ఇటు తిరుగుతున్నాయి. లింబాద్రన్నా, లే, బండెక్కు. మీనా సల్మాన్‌లో మా షెడ్డు వెనక గది ఉంది. శుక్రవారం ఎవరూ ఉండరు. యల్లా, లే."

వీరదుర్గ చెయ్యి చాపింది. "నీ ఫోన్ ఇటియ్యి. ఆఖరి కాల్ ఎవరికి ఎల్లిందో సూస్తాను."

రాజేంద్ర చెయ్యి జేబు మీదికి వెళ్లి అక్కడే ఆగింది. "ఇప్పుడు టైమ్ లేదక్కా" అన్నాడు.

ఆమె అతని కళ్లలోకి చూసింది. భయం ఉంది. ఎవరి కోసమో, దేని కోసమో తెలియలేదు. అబద్ధమాడేవాడి కళ్లూ, నిద్రలేనివాడి కళ్లూ ఒకలాగే ఎర్రగా ఉంటాయి. రోడ్డు మీద బండ్ల చప్పుడు దగ్గరవుతోంది.

లింబాద్రి అప్పుడు తాడు వదిలేశాడు. చేప తాడుతో సహా కాలవలోకి వెళ్లిపోయింది. లేచి నిలబడ్డాడు, పెయింటు డబ్బా చేత్తో పట్టుకున్నాడు. పికప్ వైపు చూశాడు, రాజేంద్ర వైపు చూశాడు. తర్వాత వీరదుర్గ వైపు తిరిగాడు. ఆమె ఏది చెప్తే అదే చేసే మొహంతో నిలబడి, నెమ్మదిగా అడిగాడు.

"ఎక్కాల్నా చెల్లె?"